ఉప్మా సార్ ఉపమానాలు

కొత్త ఫోన్ కొన్నప్పటి నుంచి నాకొక చిన్న ఇబ్బంది ఉంది. నేను సగం మాట కొట్టేసరికి మిగతా సగం అదే పూరిస్తుంది. మొన్న ఇంటికి "బయల్దేరా, కొంచెం" అని కొట్టగానే "లేటవుతుంది" అని తనే తగిలించింది. చూసుకోకుండా పంపేశాను. లేటయిన మాట నిజమే. కానీ నేను అడగబోయింది కొంచెం పెరుగు తేవాలా అని. ఆ పూట మా ఇంట్లో మజ్జిగ లేకుండానే భోజనాలు జరిగాయి. పటాన్‌చెరులో ఆ ఫోన్ అమ్మినతనికి చూపిస్తే, "సాయమే చేస్తున్నది గద సార్, దాని మీద కంప్లైంట్ ఏంది?" అన్నాడు.

సాయం చేసేవాళ్ల మీద ఫిర్యాదు చేయడం కష్టమే. ఆ సంగతి నాకు ఇంకో వైపు నుంచి తెలుసు.

పోయిన వారం మా కంపెనీలో ఫిట్టర్ జహంగీర్ భాయ్‌కి క్యాంటీన్ చాయ్ గురించి ఏదో రాస్తూ "ఎట్లుందంటే" అని కొట్టాను. ఫోన్ వెంటనే "సూపర్" అంది. ఫోన్ బోర్లా పెట్టి కాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. కిటికీలో చూడదగ్గదేమీ లేదు.

"ఎట్లుందంటే" అనేది మా కంపెనీ బస్సులో ఒకాయన సొత్తు. ఆయన పేరు ఇక్కడ రాయను. బస్సులో కూడా పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు కాబట్టి కొత్తగా చేస్తున్న అన్యాయమేమీ లేదు. సంగారెడ్డి చౌరస్తాలో ఎక్కేవారు. కాజీపల్లిలో మా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ చూసుకునేవారు. నాకంటే పదేళ్లు పైనే పెద్ద. ఎప్పుడూ ఎండ పడే వైపు కిటికీ దగ్గరే కూర్చునేవారు. దారి పొడుగునా ఎండను తిట్టేవారు. సీటు మారమంటే మాత్రం, "గిది నా సీటు గద" అనేవారు.

మితభాషి అనుకోకండి. డ్రైవర్ స్పీడు మీద, పేపర్లో వార్తల మీద, పిల్లల చదువుల మీద, కంది చౌరస్తా సిగ్నల్ మీద ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. అవన్నీ గడగడా చెప్పేవారు. ఒక్క చోట మాత్రం ఆగిపోయేవారు. ఏదైనా ఒకదాన్ని ఇంకోదానితో పోల్చాల్సి వచ్చినప్పుడు.

"తమ్మీ, ఇయ్యాల ఎట్లుందంటే..."

అంతే. కుడిచెయ్యి పైకి లేచేది. బొటనవేలు పక్క రెండు వేళ్ల మీద మెల్లగా రుద్దుతూ ఉండేది, రవ్వ సన్నదో దొడ్డుదో చూస్తున్నట్టు. (ఈ పోలిక నాదే. అలవాటు ఇంకా పోలేదు.) కళ్లు బస్సు పైకప్పు మీద ఉండేవి. ఆ పోలిక అక్కడెక్కడో రాసి ఉన్నట్టు, వెలుతురు చాలక చదవలేకపోతున్నట్టు చూసేవారు. ఈలోగా ఒక ఊరు వెళ్లిపోయేది.

ఇంటర్‌లో మా తెలుగు మాస్టారు ఉపమాలంకారానికి నాలుగు అంగాలు చెప్పారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏది లోపించినా లుప్తోపమ. రెండు మార్కుల ప్రశ్న. ఈయనలో నాకు నడిచే లుప్తోపమ కనిపించింది. చెప్పాల్సిన వస్తువు ఆయన దగ్గర ఉండేది. "ఎట్లుందంటే" కూడా ఉండేది. ఉపమానం దగ్గరే ఖాళీ. ఖాళీ చూస్తే నేను ఊరుకోలేను. చదువుకున్నవాణ్ని.

మొదటిసారి పూరించింది వాసన విషయంలో. మా బస్సు కాజీపల్లి మలుపు తిరగ్గానే ఒక వాసన ఎక్కుతుంది. అదేమిటో ఎవరూ అడగరు. రోజూ ఒకేలా ఉండదు కాబట్టి మాట్లాడుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

"ఇయ్యాల వాసన ఎట్లుందంటే తమ్మీ..."

వేళ్లు రుద్దుకుంటున్నాయి. నేను ఆగలేదు.

"పెండ్లి గిన్నెలు కడగకుండ మూతేసి వారం ఆగినంక తీసినట్టున్నది సార్."

బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. డ్రైవర్ కూడా స్టీరింగ్ మీద ఒక దెబ్బ వేశాడు. ఆయన నా వైపు తిరిగి చూశారు. వేళ్లు ఆగిపోయాయి.

"ఆఁ, గదే!" అన్నారు. గంటసేపు నిలబడ్డవాడికి సీటు దొరికితే వచ్చే గొంతు అది.

అలా మొదలైంది. ఆయన ఎత్తుకునేవారు, నేను దించేవాణ్ని. నేను ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్ కాగితాలు రాస్తాను. అక్కడ నాకు అలంకారాలు నిషేధం. ఒకసారి డ్రమ్ము పగిలి గోడౌన్ గోడలన్నీ గులాబీ రంగుకు తిరిగితే "స్వల్ప వర్ణభేదం గమనించబడినది" అని రాశాను. దాన్ని మా మేనేజర్ బాగుందన్నాడు. రోజంతా అలాంటి వాక్యాలు రాసేవాడికి బస్సులో ఒక మనిషి పొద్దున్నే సగం ఉపమ చేతికిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. నేను పూరించను.

ఆ రోజుల్లోనే జహంగీర్ భాయ్ అడిగాడు. "ఏంది భాయ్, గీ సార్ జెప్పేదానికి మీ తెలుగుల ఏదో పేరుంటదంటివి?"

"ఉపమ."

ప్యాకింగ్‌లో బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లకు అది ఉప్మా అని వినపడింది. వారం తిరిగేసరికి ఆయన "ఉప్మా సాబ్" అయ్యారు. తెలుగువాళ్లకు "ఉప్మా సార్". ఇది క్యాంటీన్ దాకా వెళ్లింది. పాపం వాళ్లకు అలంకారశాస్త్రం తెలియదు, ఆయనకు ఉప్మా ప్రాణమనుకున్నారు. ఉప్మా చేసిన రోజల్లా ఆయన ప్లేట్లో రెండింతలు పడేది.

"సార్, మీకు ఉప్మా ఇష్టమా?" అని ఒకసారి అడిగాను.

"సయించనే సయించదు తమ్మీ."

"మరి చెప్పరాదా?"

"పెట్టినంక తినాలె గద. పాపం, ప్రేమతోని పెడుతుండ్రు."

ఆ మాట విని నవ్వి ఊరుకున్నాను. అర్థం చేసుకోవడానికి అప్పుడు తీరిక లేదు.

ఆయన పేరు పెరిగింది. వేరే సెక్షన్ వాళ్లు ఆపి, "సార్, ఒకటి జెప్పుండ్రి" అనేవారు. ఆయన చెయ్యి లేపి, వేళ్లు రుద్ది, నా కోసం చుట్టూ చూసేవారు. నేను దగ్గర్లోనే ఉండేవాణ్ని. ఇలాంటి ఏర్పాటులో ఒక సుఖం ఉంది. నవ్వు నాకు వినపడేది, పేరు ఆయనకు పోయేది. మాట పెడసరంగా తగిలితే అదీ ఆయన పేరు మీదే పోయేది.

పోయింది కూడా. కొత్తగా వచ్చిన మేనేజర్ గురించి ఒకరోజు, "గీ కొత్త సార్ ఎట్లున్నడంటే..." అని ఆగారు.

"వానకాలంల ఏసిన కూలర్ లెక్క. సప్పుడే గని పని లేదు."

ఈ ఉపమానం బస్సు దిగి, మెట్లెక్కి, ఏసీ గదిలోకి నడిచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆయన్ను పిలిచారు. గంట తర్వాత బయటికొచ్చి టవల్‌తో మెడ తుడుచుకున్నారు. సాయంత్రం బస్సులో పక్కన కూర్చుని నేను నెమ్మదిగా అడిగాను.

"నా పేరు చెప్పకపోయిండ్రా సార్?"

"నీ పేరెందుకు? మొదలువెట్టింది నేనే గద."

"కానీ ఆ మాట..."

"మాట మంచిగనే ఉన్నది తమ్మీ," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "గని గాయన గట్లుండడు. ఇంకోలా ఉంటడు," అన్నారు. వేళ్లు మళ్లీ కదులుతున్నాయి. ఇంకోలా అంటే ఎలాగో నేను అడగలేదు. కూలర్ కంటే మంచిది దొరకదని నా నమ్మకం.

ఒకే ఒక్కసారి ఆయన వాక్యం ఆయనే పూర్తి చేయగా విన్నాను. దానికి కారణం నా సంస్కారం కాదు, నా దవడ పన్ను. ఆ రోజు మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి పటాన్‌చెరులో పన్ను తీయించుకున్నాను. నోటినిండా దూదితో, సాయంత్రం మెయిన్ రోడ్డు మీదే మా బస్సు ఎక్కాను. ఆయన అప్పటికి కొత్త ఇంట్లోకి మారి నెల అయింది. సంగారెడ్డిలో సొంత ఇల్లు, పైన ఇంకో గది వేసుకునేలా. గృహప్రవేశానికి బస్సంతా వెళ్లి తిని వచ్చాం.

"కొత్త ఇంట్ల పండుకుంటె ఎట్లుందంటే తమ్మీ..."

ఇస్నాపూర్ దాటుతున్నాం. నేను నోరు తెరవలేను. నా దగ్గర అప్పటికే రెండు తయారుగా ఉన్నాయి. ఒకటి పెళ్లికొడుకు మీద, ఒకటి లాడ్జి మీద. దూది వాటిని అడ్డుకుంది. ఆయన పైకప్పు చూశారు. కిటికీ చూశారు. వేళ్లు రుద్దుకుంటూనే ఉన్నాయి. రుద్రారం వచ్చింది, పోయింది. మర్చిపోయారనుకున్నాను. కంది దగ్గర సిగ్నల్ పడింది. బస్సు ఆగింది.

"ఇంకొకల చెప్పులు ఏసుకొని నడిచినట్టున్నది," అన్నారు. "సైజు సరిగ్గనే ఉన్నది. కరుస్తలేవు. గని నావి గావు."

వేళ్లు ఆగాయి. అప్పుడు ఆయన ముఖం చూశాను. "ఆఁ, గదే!" అన్నప్పటి ముఖం కాదది. నవ్వు లేదు. ఎవరైనా నవ్వాలన్న ఆశా లేదు. సరిగ్గా తూగిన తక్కెడ ఎలా ఊరుకుంటుందో అలా ఊరుకున్నారు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. మర్నాడు దూది తీశాక ఆ వాక్యాన్ని బస్సుకు వినిపించాను. వినిపించే ముందు కొంచెం బాగు చేశాను. "గుడి కాడ చెప్పులు మారినట్టున్నదట సార్‌కు కొత్త ఇల్లు. సైజు సరే గని, లోపల ఇంకొకల చెమట." బాగా పేలింది. ఆయన కూడా నవ్వారు. "ఆఁ, గదే!" అన్నారు. తన మాట తనకే మార్చి ఇస్తే కూడా పుచ్చుకున్నారు.

ఇక ఎండాకాలం సంగతి.

ఆ పొద్దున ఆయన ఎక్కడమే నెమ్మదిగా ఎక్కారు. ఎండ వైపు సీట్లోనే కూర్చున్నారు గానీ ఎండను తిట్టలేదు. బస్సు కదిలాక చొక్కా గుండీల మీద అరచెయ్యి పెట్టుకున్నారు.

"తమ్మీ, నిన్నటిసంది ఇక్కడ ఎట్లుందంటే..."

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. ఆయన "ఎట్లుందంటే" అంటే బస్సు తిరగడం అప్పటికి రివాజు. జహంగీర్ భాయ్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. అందరూ ఆయన్ను చూసి, తర్వాత నన్ను చూశారు. అంతమంది చూస్తుంటే మౌనంగా ఉండటం నేను ఎక్కడా నేర్చుకోలేదు.

"బస్టాండు కాడి మిర్చి బజ్జీ నమలకుండ మింగినట్టున్నది."

నవ్వులు. ఎవరో, "సార్, చట్నీ కూడ మింగినరా?" అని కలిపారు. ఆయన నవ్వారు. "ఆఁ, గదే, గదే," అన్నారు.

ఎప్పుడూ ఆ మాటతో వేళ్లు ఆగిపోయేవి. ఆ రోజు ఆగలేదు. అరచెయ్యి ఛాతీ మీదుంది, బొటనవేలు మాత్రం రెండు వేళ్ల మీద రుద్దుకుంటూనే ఉంది. నేను చూశాను. చూడలేదని రాయవచ్చు, స్వల్ప భేదమే, ఎవరూ పట్టుకోరు. కానీ చూశాను. చూసి, పేపర్లో రాశిఫలాలు చదువుకున్నాను.

రెండు రోజుల తర్వాత బస్సెక్కుతూనే గట్టిగా చెప్పారు. "మొన్న సాయంత్రం డాక్టర్ కాడికి పోయిన తమ్మీ. గదే చెప్పిన, మిర్చి బజ్జీ మింగినట్టున్నదని. ఆయన గూడ నవ్విండు! గ్యాస్ అన్నడు. తాగే మందిచ్చిండు, గులాబీ రంగుది."

బస్సు చప్పట్లు కొట్టింది. నా ఉపమానం మొదటిసారి ఒక ఎంబీబీఎస్‌ను నవ్వించింది. నాకు గర్వం కలిగింది. కలగలేదని చెప్పను.

తర్వాతి ఆదివారం పొద్దున ఆయన ఇంటి ముందు స్కూటర్ తుడుస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే లేరన్నారు. గుండె అన్నారు.

సోమవారం బస్సు సంగారెడ్డి చౌరస్తాలో ఆగింది. ఎవరూ ఎక్కలేదు. డ్రైవర్ అలవాటు చొప్పున కాసేపు ఆపి, కదిలించాడు. కాజీపల్లి మలుపు దగ్గర వాసన ఎక్కింది. అది ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు.

కంపెనీలో సంతాపసభ పెట్టారు. మాట్లాడాల్సింది నేనేనని అందరూ తీర్మానించారు. "సార్ మాటలు నీకే యాదుంటయి గద." యాదుంటాయి మరి. పెండ్లి గిన్నెలు చెప్పాను. చెప్పుల మాట, నేను బాగు చేసిన పాఠమే చెప్పాను. మేనేజర్ మొదటి వరసలో ఉన్నాడు కాబట్టి కూలర్ వదిలేశాను. జనం నవ్వారు, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "అచ్చం సారే మాట్లాడినట్టున్నది," అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను.

జహంగీర్ భాయ్ ఒక్కడే నవ్వలేదు. బయటికొచ్చాక, "భాయ్," అన్నాడు.

"చెప్పు."

"బజ్జీది జెప్పలే నువ్వు."

"టైమ్ సరిపోలే."

"అచ్ఛా," అన్నాడు. అతను పైపుల్లో లీకేజీ చెవితో పట్టే మనిషి.

పదకొండో రోజు ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. నాకు ఇష్టం లేదు. "వాళ్ల ఇంటామె అడిగింది, రమ్మన్నది," అని జహంగీర్ భాయ్ బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. భోజనాలు అయిపోయి చుట్టాలు ముందు గదిలో చాపల మీద కూర్చున్నారు. ఆవిడను అంతకుముందు గృహప్రవేశంలో ఒకసారి చూశాను, గరిటెతో. ఇప్పుడు గోడకానుకుని కూర్చుని ఉన్నారు. మాకు చాయ్ తెప్పించారు.

"నువ్వేనా తమ్మీ, బస్సుల ఈయన పక్కన కూసునేది?"

"నేనే అక్కా."

"నీ ముచ్చట మస్తు జెప్తుండె. చదువుకున్న పిలగాడు, నోట్లె మాట ఎప్పుడు తయారుంటది అని."

చుట్టాల్లో ఒక పెద్దాయన అందుకున్నాడు. "మా వాడు బస్సుల గమ్మతు గమ్మతు మాటలు జెప్తుండెనట గద. ఒకటి జెప్పు బిడ్డా, విందాం."

ఇక్కడైనా ఆగుతాననుకున్నాను. అందరూ చూస్తున్నారు. పెండ్లి గిన్నెల మాట చెప్పాను. చాపల మీద నవ్వు లేచింది. పెద్దాయన తొడ చరుచుకుని, "వాడే, వాడే!" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. కోపంగానూ లేరు. తెలియని భాష వింటున్నట్టు తల కొంచెం వంచి విన్నారు.

"ఇంట్ల గట్ల మాట్లాడకపోతుండె," అన్నారు.

ఆవిడే మళ్లీ అన్నారు.

"'ఎట్లుందంటే' అని కూసుంటడు. నేను పొయ్యి మీదికెల్లి గిన్నె దించి వచ్చి కూసుంట. ఒకొక్కపారి అన్నం తిన్నంక జెప్తుండె. ఒకొక్కపారి తెల్లారి. గని జెప్తుండె."

జహంగీర్ భాయ్ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందులోకే చూస్తున్నాడు.

"గా పొద్దుగాల గూడ నాతోనే మొదలువెట్టిండు. 'ఇక్కడ ఎట్లుందంటే' అన్నడు. నేను కూసున్న. గంతట్లనే చౌరస్తాల మీ బస్సు హారన్ గొట్టె. సాయంత్రం వచ్చి జెప్త అని పోయిండు."

"అక్కా..." అన్నాను. తర్వాత ఏముందో నాకే తెలియదు.

"సాయంత్రం నేనే డాక్టర్ కాడికి తోల్కపోయిన. ఆయన సక్కగనే అడిగిండు. నొప్పి ఎట్లున్నది పెద్దమనిషీ, బరువు వెట్టినట్టున్నదా, గుంజినట్టున్నదా, మంట మండినట్టున్నదా అని. ఈయన చెయ్యి లేపిండు. నేను సూస్తున్న, ఇగ జెప్తడు, ఇగ జెప్తడు అని. జెర సేపు పైకి సూసిండు. సూసి, మిర్చి బజ్జీ మింగినట్టున్నది అన్నడు. డాక్టర్ నవ్విండు. ఈయన గూడ నవ్విండు."

ఆవిడ చెంగుతో నేల మీద లేని మెతుకేదో తుడిచారు. తర్వాత తల ఎత్తి సూటిగా నా వైపు చూశారు.

"ఆయనకు కారం పడదు. లగ్గమైనసంది ఒక్కనాడు బజ్జీ ముట్టలే. గా మాట ఆయనది గాదు, తమ్మీ."